లువాన్ సంతలో బ్రెస్ కోడి

ఫ్రాన్స్‌లో, బుర్గుండి ప్రాంతపు తూర్పు కొసన, సెయ్ నది ఒడ్డున లువాన్ అనే చిన్న ఊరుంది. ఊరి నడివీధిలో రెండువైపులా పాత ఇళ్లు కమానుల మీద నిలబడి ఉంటాయి. మొత్తం 157 కమానులు. ఎండైనా వానైనా వాటి నీడన బేరాలు సాగుతూనే ఉంటాయి. సోమవారం సంత. ఆ రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడికే దిగుతాయి. కూరగాయలూ చీజులూ బట్టలూ ఏ సంతలోనైనా దొరుకుతాయి గానీ, లువాన్‌కు పేరు తెచ్చింది కోడి. ఈ నేలను బ్రెస్ అంటారు. కోడికీ అదే పేరు.

తెల్లటి ఈకలు, ఎర్రటి తురాయి, నీలి కాళ్లు. ఫ్రెంచి జెండా రంగులు మూడూ దాని ఒంటి మీదే ఉన్నాయని అక్కడివాళ్లు మురిసిపోతారు. 1957లో ఈ కోడి కోసం ఏకంగా ఒక చట్టమే చేశారు. పేరు ఒక్కదాన్నే కాపాడి ఊరుకోలేదు, పెంచే పద్ధతిని కూడా అందులో కట్టుదిట్టం చేశారు. నాకు ఆ చట్టంలో నచ్చేది అదే.

కోడిపిల్లలకు సుమారు ఐదు వారాలు నిండాక పచ్చిక మీదికి వదులుతారు. ఒక్కో కోడికి కనీసం 10 చదరపు మీటర్ల గడ్డి ఉండాలి. మేత ఆ ప్రాంతంలో పండిన మొక్కజొన్న, గోధుమ, వాటితోపాటు పాలు. ఆ మేతలో మాంసకృత్తులు కావాలనే తక్కువగా ఉంచుతారు. మిగతాది కోడే వెతుక్కోవాలి. అందుకే పొద్దస్తమానం గడ్డిలో పురుగుల కోసం, నత్తల కోసం తిరుగుతుంది. కండ గట్టిపడేది ఆ తిరుగుడుతోనే. ఫారం కోడి ఆరు వారాల్లో కోతకు వస్తే, దీనికి నాలుగు నెలలు పడుతుంది. విత్తుకొట్టిన పుంజుకైతే ఎనిమిది నెలలు.

ఆఖరి రోజుల్లో మాత్రం మసక వెలుతురున్న కొట్టంలో, చెక్క బోనుల్లో ఉంచి, పాలూ మొక్కజొన్న పిండీ పెట్టి కొవ్వు పట్టిస్తారు. మామూలు కోడికి పది రోజులు, విత్తుకొట్టిన పుంజుకు నెల. అన్నాళ్లు పచ్చికలో తిరిగిన ప్రాణిని బోనులో పెట్టడం నాకు కష్టంగానే తోస్తుంది. కానీ ఆ రుచికి మూలం ఈ దశేనని పెంచేవాళ్లు గట్టిగా చెబుతారు.

అసలైన చేతిపని కోశాక మొదలవుతుంది. క్రిస్మస్‌కు అమ్మే విత్తుకొట్టిన పుంజులకూ, గుడ్డుకు రాని బలిసిన పెట్టలకూ చర్మం చిట్లకుండా చేత్తో ఈకలు పీకుతారు. మెడ దగ్గర మాత్రం ఉంచేస్తారు. తర్వాత కాళ్లూ రెక్కలూ ఒంటికి అదిమి, పసిబిడ్డను పొత్తిగుడ్డలో చుట్టినట్టు నార బట్టలో చుట్టి, దారంతో బిగించి కుడతారు. తలా మెడా మాత్రమే బయట ఉంటాయి. సుమారు రెండు రోజులకు కొవ్వు కండలోకి సమంగా ఇంకుతుంది, గాలి తగలక మాంసం నిలవ ఉంటుంది. కుట్లు విప్పితే చేతికొచ్చేది నున్నటి, దంతపు రంగు స్తంభం. కుట్టు ఒకచోట వదులైనా ఆ గుర్తు చర్మం మీద కనబడిపోతుంది.

ఆ కనబడటం మీదే పోటీ. 1862లో బూర్గ్ అనే పట్నంలో మొదలైన ఈ పోటీలు ఇప్పుడు ఏటా డిసెంబరులో లువాన్‌తో కలిపి నాలుగు ఊళ్లలో జరుగుతాయి. పెద్ద బహుమతి సెవ్ర్ పింగాణీ పాత్ర. రైతు గెలిచిన పాత్రను ఇంట్లో నలుగురికీ కనబడేచోట పెట్టుకుంటాడంటే ఆశ్చర్యమేముంది!

ఒకప్పుడు ఈ కోళ్లు పెంచిన పేదరైతులు తాము తిన్నది మాత్రం వేయించిన మొక్కజొన్న పిండితో కాచిన జావ. పసుప్పచ్చని ఆ జావ వల్లే బ్రెస్ జనానికి ‘పసుపు పొట్టలవాళ్లు’ అనే పేరొచ్చింది. కోడి పట్నానికి, జావ ఇంటికి. ఈ కోడి ధర ఎక్కువని విసుక్కునేవాళ్లు ఆ సంగతి తెలుసుకోవాలి. నెలల తరబడి కాపలాకూ, చేతి కుట్టుకూ ఆ ధర న్యాయమైనదే.

లువాన్ చూడాలనుకుంటే సోమవారం పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నానికల్లా సంత ఎత్తేస్తారు.