‘సార్పట్ట పరంపరై’ — బరి, బరిని నిలుపువారు

పా. రంజిత్ దర్శకత్వమున 2021 జూలైలో విడుదలయిన ‘సార్పట్ట పరంపరై’ అను తమిళ చిత్రమును మనవారిలో పెక్కురు చూచియే యుందురు. కరోనా దినములగుటచే అది సినిమాహాళ్లకు రాక, అమెజాన్ ప్రైమ్ ద్వారా నేరుగా ఇండ్లలోనికి వచ్చినది. తెలుగు మాటలతో కూడ వెలువడినది. నేను మూలమునే చూచితిని గావున పాత్రల పేర్లను తమిళమున నున్నట్లే వాడుచున్నాను. చూచినవారు ఆర్య దేహదార్ఢ్యమును మెచ్చుకొనిరి. డాన్సింగ్ రోజ్ అడుగులకు మురిసిపోయిరి. విమర్శకులు కులమును గూర్చియు, ఎమర్జెన్సీని గూర్చియు వ్రాసిరి. అవి యన్నియు వ్రాయదగినవే. కాని నాకు ఈ చిత్రము వేరొక ప్రశ్న వేసినట్లు తోచినది. ఒక పేటలో పుట్టి పెరిగిన పోటీ ఆట దేనివలన బ్రతుకును? దేనివలన నశించును? మొదటి సగమున చిత్రము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పి, రెండవ సగమున దానిని తానే మరచిపోయినదని నా అభిప్రాయము.

కథ జరిగినది ఉత్తర చెన్నపట్టణమున. రాయపురము, చాకలిపేట, తండయారుపేటలలో తరతరములుగా కాపురమున్న మన కుటుంబములకు ఆ గల్లీలు క్రొత్తవి కావు. ఇంగ్లీషువారి వెంట వచ్చిన ముష్టియుద్ధమును అచ్చటి శ్రమజీవులు తమదిగా చేసికొనిరి. పేటలవారీగా శాలలు వెలసెను. వానికి ‘పరంపర’ లని పేరు. సార్పట్ట, ఇడియప్ప నాయకర్, ఎల్లప్ప చెట్టియార్ అను పరంపరల పేర్లు కల్పితములు కావు. ఆ పేటల చరిత్రలో నున్నవే. శాలలో నేర్పువానిని ‘వాద్యార్’ అందురు. ఉపాధ్యాయ శబ్దమే అరిగి అరిగి ఆ రూపము పొందినది. బడిపంతులునకును, గుద్దులు నేర్పువానికిని ఒక్కటే పేరుండుట నాకు ఎంతయు నచ్చినది.

చిత్రములోని మొదటి గంటను రెండుమారులు చూచితిని. కథానాయకుడు కబిలన్ హార్బరులో కూలి. అతడు శాలలో చేరి నేర్చినవాడు కాడు. తండ్రి ముష్టియుద్ధము నుండి రౌడీతనములోనికి జారి హతుడయ్యెను గనుక, తల్లి భాగ్యము అతనిని బరి దరిదాపులకు పోనీయదు. అయినను అతడు పని యెగవేసి పోటీలకు పోవును. గుంపులో నిలిచి రంగన్ వాద్యార్ శిష్యుల ప్రతి అడుగును కన్నులతో త్రాగును. ఏకలవ్యుని కథ మనకు వెంటనే స్ఫురించును. ఇచ్చట దర్శకుడు గ్రహించిన సత్యమొకటి కలదు. బరిలో నున్న ఇద్దరివలననే ఆట బ్రతుకదు. పని మాని వచ్చి చూచువాడు, టీకొట్టులో గత సంవత్సరపు పోటీని గూర్చి వాదించువాడు, ఎవడు ఎవనిని ఏ రౌండులో పడగొట్టెనో లెక్క తప్పక చెప్పువాడు, వీరందరును కలిసి మట్టి యగుదురు. అందులో ఒక కబిలన్ మొలుచును. జాన్ విజయ్ ధరించిన కెవిన్ అను ఆంగ్లో-ఇండియన్ పెద్దమనిషి పాత్ర అట్టిది. అతడు పోరాడడు; జ్ఞాపకముంచుకొనును. ఆ పాత్రను కేవలము హాస్యమునకని తలచినవారు పొరపడిరి.

ముష్టియుద్ధము ఒంటరిగా నేర్వదగిన విద్య కాదు. తాడు దూకవచ్చును, నీడతో పోరవచ్చును, ఇసుకసంచిని గుద్దవచ్చును. కాని ఇసుకసంచి తిరిగి కొట్టదు. ఎదుటివాని ఎడమచేయి ఎప్పుడు వచ్చునో తెలియవలెనన్న ఎదుట ఒకడు ఉండి తీరవలెను. అతడు తూకములో ఇంచుమించు సమానుడై, నేర్పులో కొంచెము హెచ్చుగనో, కొంచెము తక్కువగనో ఉండవలెను. పాతికమంది పిల్లలు గల శాలలో ఒక్కొక్కనికి అట్టి జోడు ఒకడో ఇద్దరో దొరకుట గొప్ప. ఆ జోడు ఉద్యోగమునకై వేరొక ఊరికి పోయినచో రెండవవాని సాధన కుంటుపడును. నెల గడచుసరికి అతడును రాడు. శాలలు ఓటమివలన మూతబడుట అరుదు. ఇట్లు ఒక్కొక్కరుగా రాకపోవుటచే మూతబడుటయే హెచ్చు. కబిలన్ రామన్‌తో తలపడి తన బలము చూపు ఘట్టమున ఈ సంగతి స్పష్టముగా కనుపించును. రామన్ అను మంచి సాధకుడు అచ్చట లేనిచో కబిలన్ ఎవరో రంగన్ వాద్యార్‌కే తెలియకపోవును.

అదే న్యాయము ఎదుటి పరంపరకును వర్తించును. ఇడియప్ప పరంపర లేనిదే సార్పట్ట పరంపరకు పని లేదు. వారిలో డాన్సింగ్ రోజ్ ఉన్నాడు. షబీర్ కల్లరక్కల్ ఆ పాత్రకు ప్రాణము పోసెను. చేతులు జారవిడిచి, నడుము ఊపుచు, ఎదుటివాని గుద్దును అంగుళము దూరములో తప్పించుకొను ఆ తీరు చూచినప్పుడు 1990ల నాటి నసీం హమీద్ గుర్తుకు రాకమానడు. 1970ల కథలో అది కొంత ముందుకాలపు సొగసు. పోనిండు. రోజ్ ఓడినను పాత్ర చిన్నబోదు. ఇట్టి ప్రత్యర్థి దొరకుట అదృష్టమని ప్రేక్షకునకు తోచును. కబిలన్, రోజ్‌ల పోటీ చిత్రమునకు నడిబొడ్డు. అందులో పగ లేదు, విద్య కలదు.

ఇక నా అభ్యంతరములు. రంగన్ వాద్యార్ నిండు సభలో ఒక శపథము చేయును: తన శిష్యుడు వేంబులిని ఓడింపనిచో సార్పట్ట పరంపర ఇక బరిలో దిగదు. పశుపతి నటన ఎంత నిబ్బరముగా నున్నదనగా, ఆ మాట వినగానే మనమును తల యూపుదుము. నిదానించి ఆలోచించిన, అంతకంటె బాధ్యతలేని మాట వేరొకటి లేదు. శాల అతని స్వార్జితమా? అందులో నేర్చుకొనుచున్న చిన్నపిల్లల సంగతి యేమి? తనకు నేర్పినవారి సంగతి యేమి? ధర్మరాజు తమ్ములను పణమొడ్డినట్లు, ఈయన రేపటి శిష్యులను ఒక్క సాయంకాలమున కొడ్డెను. పరువు కొరకు జనులు టిక్కెట్టు కొనుట నిజమే. పరువు లేనిదే పేటల పోటీకి రుచి లేదు. కాని ఆ పరువే శాలకు తాళము వేయగలదు. చిత్రము ఈ శపథమును ఒక్కమారైనను ప్రశ్నింపదు, వీరత్వమనియే చూపును.

శపథము తీరకమునుపే బరి కూలిపోవును. వేంబులితో పోటీలో కబిలన్‌ది పైచేయిగా నుండగా తణిగ మనుష్యులు విరుచుకుపడుదురు. కబిలన్‌ను నలుగురి నడుమ వివస్త్రుని చేయుదురు. కులద్వేషము ఎంత నీచమునకు దిగజారునో ఆ ఒక్క దృశ్యము చెప్పును. అదే రాత్రి ద్రావిడ మున్నేట్ర కళగ ప్రభుత్వము బర్తరఫ్ అయినదను వార్త వచ్చును (అది 1976 జనవరి 31). కళగ మనిషియైన రంగన్‌ను పోలీసులు తీసికొనిపోవుదురు. ఇచ్చట దర్శకుడు మరల సత్యమును పట్టుకొనెను. ఒక్క రాజకీయ పక్షపు నీడలో, ఒక్క పెద్దమనిషి మీద ఆధారపడి నిలిచిన బరి, ఆ నీడ తొలగినంతనే ఎండిపోవును. మన సంఘములలో ఏకైక దాత మరణించిన మరునాడు గ్రంథాలయపు తలుపులకు ఏమి జరుగునో ఎరిగినవారికి ఈ ఘట్టమును వివరింప నక్కరలేదు.

ఆ తరువాతి భాగమున కబిలన్, రంగన్ కుమారుడు వెట్రిసెల్వన్ దొంగసారా వ్యాపారములో దిగుట, దేహమును మనస్సును చెడుట చూపిరి. భాగ్యము ఇంతకాలము బరిని శత్రువుగా నెంచినది. బరి లేకపోయిన, దాని స్థానమున శాంతి రాదనియు, సారాయే వచ్చుననియు ఆమె కండ్లారా చూచినది. అందుచేత తానే పోయి బీడీ రాయప్పన్ అను పాత యోధుని బ్రతిమాలి కొడుకును అప్పగించినది. ఈ మలుపు చిత్రములోకెల్ల గొప్పది. అనుపమా కుమార్ దానిని అరపులు లేకుండ నటించెను. భార్య మారియమ్మగా దుషారా విజయన్ కూడ తక్కువ కాదు. భర్త బరిలో నున్నంతసేపు ఇంటి భారము ఎవరిదో ఆమె మాటలలో వినవచ్చును.

అంతవరకు బాగుగనే యున్నది. పిమ్మట సముద్రపుటొడ్డున సాధన యంతయు ఒక పాటలో ముగిసిపోవును. కబిలన్ పరుగెత్తును, చెమటోడ్చును, కండలు తిరిగి వచ్చును. శాల ఏమైనది? రామన్ ఎవరితో సాధన చేయుచున్నాడు? మొదటి గంటలో గుంపులో నిలిచి చూచిన పిల్లలు ఇప్పుడెచ్చట నున్నారు? దర్శకుడు చెప్పడు. ఎందరో కలిసి నిలిపిన విద్యయని నమ్మించిన చిత్రము, తుదకు ఒక్కని కండలలోనికి కుంచించుకొనిపోయెను. వేంబులి పడిపోవును, రంగన్ వాద్యార్ కన్నులు తడియగును, శపథము నిలుచును.

ఈ లోపము రంజిత్ ఒక్కనిది కాదు. మనమును అట్లే జ్ఞాపకముంచుకొందుము. కోడి రామ్మూర్తి నాయుడు ఇనుపగొలుసులు తెంచెననియు, ఏనుగును ఎదపై నిలిపెననియు పిల్లలకు చెప్పుదుము. ఆయన విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెనను సంగతి ఎందరు చెప్పుదురు? ఆయన వద్ద కసరత్తు నేర్చిన సామాన్యుల ఊసు ఏ సభలోను నేను వినలేదు.

సంగీతము సంతోష్ నారాయణన్‌ది. పోటీల నడుమ తప్పెట మ్రోగినప్పుడు గది అదరును. మురళి ఛాయాగ్రహణము ఆ కాలపు ఎండను, చెమటను పట్టినది. నిడివి మాత్రము హెచ్చు. సారా ఘట్టములను పావుగంట తగ్గించి, ఆ పావుగంటను శాలకిచ్చియుండవలసినది.

రెండవ భాగమును తీయుదుమని 2023 మార్చిలో ప్రకటించిరి. కథ ముందుకు నడచినచో 1980వ సంవత్సరము వచ్చును. ఆ జనవరిలో ముహమ్మద్ అలీ మద్రాసునకు వచ్చి, నెహ్రూ స్టేడియములో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ చేసెను. ఆ దృశ్యమును రంజిత్ ఎంతయో వైభవముగా తీయగలడు. నేను చూడగోరునది మరునాటి ఉదయమును: రాయపురములోనో, చాకలిపేటలోనో ఒక రేకుల కొట్టము తలుపు తెరచునది ఎవరు, ఎందరు పిల్లలు వచ్చిరి, వారిలో ఒకే తూకము గలవారు ఇద్దరైనను ఉన్నారా అని.