ఎండకు తూకపురాయి

వల్లూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి ఎండ తీవ్రతను గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఎండ మెండుగా నున్నదనుట వేరు, ఎంత యున్నదో కొలిచి చెప్పుట వేరు. జమ్మలమడుగు చెంత మైలవరము మండలమున వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమును తలపెట్టిన తరువాత ఈ భేదము భూమితోను, ధనముతోను ముడిపడినది. కావున అన్నా మణి 1980లో ఆంగ్లమున వెలువరించిన భారతదేశ సౌరవికిరణ దత్తాంశ గ్రంథమును మరల తెరచి, దాని గుణదోషములను విచారించుట ఉచితము.

1957లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము ప్రారంభమైనప్పుడు, భారత వాతావరణ శాఖలో సౌరవికిరణమును కొలుచు కేంద్రములను నెలకొల్పుటకు పూనుకొన్నవారిలో ఆమె ముఖ్యురాలు. గ్రంథము నిండ పట్టికలే. అయినను దాని విలువ పట్టికలలో కంటె వాటి వెనుక నున్న కొలత నియమములో కలదు.

ఆ నియమ మేమి? పైరనోమీటరు అను సాధనములో గాజు గుమ్మటము క్రింద నల్లని పలక యుండును. ఎండకు అది వేడెక్కగా, దాని క్రింది ఉష్ణయుగ్మములలో స్వల్పమైన విద్యుత్పీడనము పుట్టును. చదరపు మీటరునకు ఒక వాటు చొప్పున పడు ఎండకు 10 మైక్రోవోల్టులు పుట్టునని తయారీదారు వ్రాసినాడనుకొందము. 8,500 మైక్రోవోల్టులు కనబడిన ఎండ 850 వాట్లని లెక్కింతుము. ఏండ్లు గడచి పలక నలుపు వెలిసి, ఆ అంకె 9.8కి దిగినచో, అదే 8,500కు నిజమైన ఎండ 867 వాట్లు. సాధనము అబద్ధ మాడుచున్నదని దానిని చూచి చెప్పలేము. అంగడిలోని తూకపురాళ్లను ముద్రవేసిన రాళ్లతో సరిచూచినట్లే, దీనిని మేలైన సాధనము ప్రక్కన నిలిపి, నిర్మలాకాశము క్రింద అనేకమారులు పోల్చి చూడవలెను. దీనినే క్రమాంకనమందురు.

ఆ మేలైన రాయికి ముద్ర వేయువా రెవరు? స్విట్జర్లాండులోని దావోసున కొన్ని కుహర వికిరణమాపకముల సమూహము ప్రపంచ ప్రమాణమును నిలుపుచున్నది. ఎండ ఇచ్చు వేడిని, విద్యుత్తుతో కలిగించిన వేడితో అవి సరితూచును. సుమారు ఐదేండ్ల కొకసారి వివిధ దేశముల సాధనములు అచటికి పోయి పోల్చుకొనును. మన వాతావరణ శాఖకు పూనాలో ఇట్టి ప్రమాణ కేంద్రము కలదు. ఈ గొలుసులో ఒక లంకె తెగినచో క్రింది అంకెలన్నియు గాలిలో వ్రేలాడును.

గ్రంథములోని కొరత యొకటి చెప్పక తప్పదు. వికిరణమును నేరుగా కొలిచిన కేంద్రములు ఆనాడు కొద్దియే. సముద్రతీరపు విశాఖపట్నము లెక్క కడప నాపరాతి నేలకు అతుకదు. ఈ దోషము కాలముది, గ్రంథకర్త్రిది కాదు. 2011లో చెన్నపట్టణపు జాతీయ పవనశక్తి సంస్థ 51 కేంద్రములతో ఆ కొరతను తీర్చుటకు పూనుకొన్నది. కాని సాధనములు పెరిగినకొలది సరిచూచు పనియు పెరుగును. పట్టికలను ఎత్తి వ్రాసికొని, నియమమును వదలివేయు పాఠకులే అసలు దోషులు.

దీని ఫలిత మెట్టిది? క్షేత్రము పనితనమనగా, వచ్చిన విద్యుత్తును, పడిన ఎండను బట్టి రావలసిన విద్యుత్తుతో భాగించిన ఫలము. అది నిజముగా నూటికి 78 అనుకొందము. సాధనము ఎండను నూటికి రెండు పాళ్లు తక్కువ చూపినచో పనితనము 79.6గా కనబడును. లోపమున్న క్షేత్రము మంచిదిగా చెలామణి యగును. నాపరాతి ధూళి గుమ్మటముపై పేరుకొన్నను ఇదియే జరుగును. పలకలపైని దుమ్ము చేయు నష్టమును గుమ్మటముపైని దుమ్ము కప్పిపుచ్చును.

సాధనము 'ఎ' తరగతిదని చూపి తృప్తిపడువారును కలరు. తరగతి సాధనము నిర్మాణమును తెలుపును గాని, నేటి దాని సత్యమును తెలుపదు. కావున క్షేత్రపు లెక్కలు చదువువారు మొదట అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ సాధనమును కడపటిసారి ఎప్పుడు సరిచూచిరి? దేనితో సరిచూచిరి? గుమ్మటమును తుడుచుచున్నారా? వీటికి జవాబు లేని అంకె ఎన్ని దశాంశస్థానములతో నున్నను ముద్ర లేని రాయితో తూచిన సరుకే. భూమి నిచ్చిన రైతుకును, విద్యుత్తును కొను ప్రజకును సరియైన తూకము దక్కవలెను. ఆ గ్రంథము నేర్పు పాఠ మిదియే.