కీపర్ల విద్యకు ఒక సంఘం కావాలి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడుల నుంచి పిల్లల్ని టూరుకు హైదరాబాద్ తీసుకెళ్తే జూపార్కు చూపించకుండా వెనక్కి తీసుకురారు. పిల్లలు ఇంటికొచ్చాక పులి గురించీ ఏనుగు గురించీ రోజుల తరబడి చెప్తారు. ఆ పులిని పొద్దున్నే పలకరించి, రాత్రి ఎంత తిన్నదో, ఎంత వదిలేసిందో చూసి, ఈ రోజు దానికి బాగానే ఉందని తేల్చిన మనిషి మాత్రం వాళ్ల కంటికి ఆనడు. చీపురు పట్టుకుని కనిపించిన ఆ మనిషిని పెద్దవాళ్లం మనం కూడా ఊడ్చేవాడనే అనుకుంటాం. నిజానికి ఆ కీపరు చేతిలో ఉన్నది ఒక విద్య. దానికి మెళకువలున్నాయి, నేర్పే పెద్దలున్నారు, తరాల అనుభవం ఉంది. ఆ విద్య తెలిసినవాళ్లు తమ గొంతుతో మాట్లాడుకునే సంఘం మన నేల మీద గట్టిపడాలి, ప్రపంచంలోని తోటి కీపర్లతో కలవాలి.

హైదరాబాద్‌లో ఈ పని నిజాం కాలం నాటిది. బాగే ఆంలో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, అప్పట్లో చిన్న జంతుశాల ఉండేది. 1963 అక్టోబరు 6న మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో నెహ్రూ జూలాజికల్ పార్కును తెరిచినప్పుడు అక్కడి జంతువులు ఇక్కడికి చేరాయి. రాణి అనే ఏనుగు అలా వచ్చిందే. అది 2021 జూన్‌లో 83 ఏళ్ల వయసులో చనిపోయింది. ఏనుగు అంతకాలం బతకడం అరుదు. మనిషి సంరక్షణలో ఉన్న ఏనుగుకు ముందు చెడేవి పాదాలు. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడితే అరికాలు పగులుతుంది, గోళ్ల సందున చీము పడుతుంది. అందుకే రోజూ పాదం ఎత్తించి, కడిగి, రాయీ రప్పా తీసి, పెరిగిన గోరును ఆకురాయితో అరగదీయాలి. అంత పెద్ద ప్రాణి తన కాలెత్తి మనిషికి అప్పగించిందంటే ఆ నమ్మకం ఒక్క రోజులో వచ్చింది కాదు.

విశాఖ జూ 1977లో, తిరుపతి జూ 1987లో వచ్చాయి. వరంగల్‌లో కాకతీయ జూ ఉంది. ఈ నాలుగు చోట్లా కీపర్ల పని మొదలయ్యే తీరు ఒక్కటే. మంచి కీపరు పొద్దున రాగానే చీపురు పట్టుకోడు. ముందు నిలబడి చూస్తాడు. ఊడ్చేస్తే రాత్రి ఏం జరిగిందో చెప్పే ఆనవాళ్లన్నీ పోతాయి. వదిలేసిన మాంసం ముక్క, మలం గట్టిగా ఉందా పలచగా ఉందా అన్నది, రాలిన వెంట్రుకలు, గోడకు తగిలిన నెత్తురు చుక్క, ఇవన్నీ చూశాకే పని మొదలు. అడవి జంతువు తన జబ్బును దాచుకుంటుంది. బలహీనంగా కనిపిస్తే వేటాడేవాడి కన్ను పడుతుందన్న భయం దాని పుట్టుకలోనే ఉంది. నాలుగు గోడల మధ్యకు వచ్చినా ఆ గుణం పోదు. సందర్శకుడికి కూడా తెలిసేంతగా జంతువు నీరసించిందంటే అప్పటికే ఆలస్యమైపోయిందని అర్థం. కీపరు వెతికేది అంతకన్నా చిన్న తేడాను. రోజూ తలుపు దగ్గరికి ముందుగా వచ్చే ఆడసింహం ఈ రోజు రెండోదిగా వచ్చింది. మందలో కలిసి నిలబడే జింక కాస్త ఎడంగా నిలబడింది. కోతి తిన్నది కానీ రోజూ ముందు ఏరుకునే అరటిపండును చివరికి వదిలింది. ఇలాంటివి ఏ యంత్రమూ చెప్పదు. ఆ జంతువు మామూలుగా ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి చూసినవాడే చెప్పాలి.

2021 ఏప్రిల్ ఆఖరులో నెహ్రూ జూలో సింహాలు దగ్గడం, ముక్కు కారడం, తిండి తగ్గించడం మొదలైంది. నమూనాలు హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు వెళ్లాయి. ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకిందని మే 4న ప్రకటించారు. దేశంలో జంతువులకు ఆ జబ్బు సోకిందని తేలడం అదే మొదటిసారి. సింహాలన్నీ కోలుకున్నాయి. పరీక్ష చేసింది శాస్త్రవేత్తలు, మందు ఇచ్చింది డాక్టర్లు. కానీ సింహం దగ్గును దగ్గుగా గుర్తించే కన్ను, తిండి కాస్త తగ్గినా పట్టుకునే కన్ను రోజూ దాని ముందు నిలబడేవాళ్లది. లాక్‌డౌన్‌లో ఊళ్లు మూతపడ్డా ఆ డ్యూటీ ఒక్కరోజూ ఆగలేదు.

ఇక తలుపుల విద్య. పులి, ఎలుగు, సింహం లాంటివి రాత్రి నైట్ హౌస్ గదుల్లో ఉంటాయి. పొద్దున ఆరుబయట ఎన్‌క్లోజర్‌లోకి వదిలి గదులు కడుగుతారు. సాయంత్రం తిండికి లోపలికి పిలిచాక బయట శుభ్రం చేస్తారు. జారే తలుపులను బయటి నుంచే గొలుసుతోనో మీటతోనో లాగుతారు. నియమం వినడానికి చిన్నది: లోపల ఎన్ని జంతువులున్నాయో కంటితో లెక్కపెట్టు, తాళం వెయ్యి, లాగి చూడు, అప్పుడే అడుగు పెట్టు. నిన్న లెక్క సరిపోయింది కదా అని ఈ రోజు వదిలెయ్యకూడదు. పెద్ద జంతువుల దగ్గర ఇద్దరుండాలి, లెక్క పైకి చెప్పుకోవాలి. జంతువు లోపలికి రానని మొండికేస్తే కొట్టీ అదిలించీ తోలకూడదు. తలుపు దగ్గర ఒకసారి బెదిరిన పులి రోజుల తరబడి ఆ గడప తొక్కదు. కీపరుకు తన పిలుపు ఉంటుంది, తిండి వేళ ఉంటుంది, ఓపిక ఉంటుంది. ఆ మూడింటితోనే పని జరగాలి.

ఇలాంటి నియమాలు ఎందుకు ప్రాణప్రదమో 2023 మన రెండు రాష్ట్రాలకూ చూపించింది. అక్టోబరులో, నెహ్రూ జూ అరవై ఏళ్ల వేడుక జరుపుకున్న రోజుల్లోనే, ఏనుగు దాడిలో అక్కడి కీపరు ఒకరు చనిపోయారు. నవంబరులో విశాఖ జూలో శుభ్రం చేస్తుండగా హిమాలయన్ నల్ల ఎలుగు దాడి చేసి మరో యువ కీపరు ప్రాణం తీసింది. ఆ జంతువుల్ని క్రూరమైనవి అనడం తప్పు, చనిపోయినవాళ్లను అజాగ్రత్తపరులు అనడం ఇంకా పెద్ద తప్పు. ఏనుగుకూ మనిషికీ మధ్య ఎప్పుడూ ఒక కంచె ఉండేలా, దాని వెనక నుంచే పాదాలు చూసేలా, నెత్తురు తీసేలా పని చేసే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో స్థిరపడింది. ఒక చోట జరిగిన ప్రమాదం నుంచి నేర్చుకున్నది ఇంకో చోటి కీపరుకు చేరాలంటే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారి ఉండాలి.

కంచె వెనక నుంచి పనిచేయడం కూడా ఒక కళ. కొనకు బంతి కట్టిన కర్రను జాలీ దగ్గర పెడతారు. జంతువు ముక్కుతో దాన్ని తాకగానే విజిల్ ఊది, వెంటనే ఒక మాంసం ముక్క ఇస్తారు. రోజుకు కొన్ని నిమిషాలు, అంతే. కొన్ని వారాలకు ఆ కర్ర ఎటు పోతే జంతువు అటు వస్తుంది. తర్వాత పక్కకు తిరిగి నిలబడడం, తోక జాలీ దగ్గర ఉంచడం నేర్పుతారు. అలా నేర్చిన సింహానికి సూది వేయాలంటే మత్తుమందు అక్కర్లేదు. మత్తు ఇచ్చిన ప్రతిసారీ జంతువు ప్రాణానికి కొంత ప్రమాదమే కాబట్టి ఇది చిన్న లాభం కాదు. శిక్షకు చోటులేని ఈ పద్ధతిలో జంతువుకు ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు. కీపరు ఆ రోజుకు ఆపేస్తాడు.

నెహ్రూ జూ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మూషిక జింకల పెంపకం. సుమారు మూడు కిలోల బరువుండే ఈ చిన్న జింక రాత్రుళ్లు తిరుగుతుంది, చీమ చిటుక్కుమన్నా బెదిరిపోతుంది. సెంట్రల్ జూ అథారిటీ, లాకోన్స్, నెహ్రూ జూ కలిసి 2010లో పెంపకం మొదలుపెట్టాయి. తర్వాత వాటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వదిలారు. ఇక్కడ కీపరు నేర్చుకోవాల్సింది వేరే. పులిని పిలవాలి, దీనికి కనిపించకుండా ఉండాలి. మనిషికి అలవాటు పడిన మూషిక జింక అడవిలో బతకదు.

ఎండాకాలంలో జంతువుల్ని చల్లగా ఉంచే సంగతి ఒక్క మాటలో చెప్తాను. తుంగ గడ్డి కప్పడం, తడి గోనెసంచులు వేలాడదీయడం, స్ప్రింక్లర్లు, కూలర్లు, పుచ్చకాయ ముక్కలు, ఇవి మన ఊళ్లలో పశువులున్న ఇంట్లో పెరిగినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంత విద్య ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎప్పుడు ఒకటయ్యారు? జూ డైరెక్టర్లు 1935లోనే అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు దాని పేరు వాజా. కీపర్ల మొదటి అంతర్జాతీయ మహాసభ 2003లో నెదర్లాండ్స్‌లోని అవిఫౌనాలో జరిగింది. మధ్యలో 68 ఏళ్లు గడిచాయి. అయితే ఆ సభ గాల్లోంచి పుట్టలేదు. 1967లో అమెరికాలోని శాన్ డియెగోలో కొందరు కీపర్లు కలిసి తమ సంఘం పెట్టుకున్నారు. 1974లో బ్రిటన్, 1976లో ఆస్ట్రేలియా కీపర్లు అదే దారి పట్టారు. ప్రతి సంఘానికీ ఒక పత్రిక ఉంది. అందులో రాసేది కీపర్లే: తల్లి వదిలేసిన పిల్లకు పాలు ఎలా పట్టామో, ఫలానా తాళం ఎందుకు మార్చామో, ఏ ప్రయత్నం విఫలమైందో. దేశదేశాల సంఘాలు చేతులు కలిపితే అంతర్జాతీయ వేదిక నిలబడింది. మహాసభలు తర్వాత ఆస్ట్రేలియాలో, అమెరికాలో జరిగి, 2012లో ఆసియాకు, సింగపూర్‌కు వచ్చాయి. ముందు ఊళ్లో సంఘం, తర్వాత దేశంలో, ఆ తర్వాత ప్రపంచంలో. ఈ వరస తప్పితే పైన పేరు మిగులుతుంది, కింద మనుషులుండరు.

మన దేశంలో 1992లో సెంట్రల్ జూ అథారిటీ వచ్చాక జూలకు నియమాలు, కీపర్లకు శిక్షణ వచ్చాయి. అంతకు ముందే, 1985లో, శాలీ వాకర్ అనే అమెరికన్ మహిళ జూ ఔట్‌రీచ్ ఆర్గనైజేషన్‌ను స్థాపించారు. కోయంబత్తూరు కేంద్రంగా అది పనిచేసింది. 2000లో దక్షిణాసియా జూల సంఘం సజార్క్ కూడా ఆమె చొరవతోనే పుట్టింది. కీపర్ల చదువు కోసం ఆమె చేసిన కృషిని మరువకూడదు. అయితే ఇవి కీపర్ల కోసం ఇతరులు చేసినవి. కీపర్లు తమ అనుభవాన్ని తామే రాసుకుని, తమ నియమాలను తామే చర్చించుకునే రోజు రావాలి. చాలా జూల్లో ఈ పని ఔట్‌సోర్సింగ్ చేతుల్లోకి పోతోంది. రెండేళ్లకో మూడేళ్లకో మనిషి మారితే ఏళ్ల తరబడి చూసిన చూపు ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద కీపరు రిటైరైన రోజున ఆయనతో పాటు ఒక పుస్తకమంత జ్ఞానం గేటు దాటి వెళ్లిపోతుంది. దాన్ని రాసి పెట్టే పని తెలుగులో, హైదరాబాద్ కీపర్ల కోసం ఉర్దూలో కూడా, ఇప్పుడే మొదలవ్వాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో జూ లేదు, కానీ దానికి కావాల్సిన మనుషులున్నారు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించేటప్పుడు రోజంతా కొత్త చేతుల్లోకి, జనం మధ్యకు వెళ్లే కోడెను అదుపులో ఉంచేవాళ్లు దాని చెవి కదలికను, తోక విసురును కనిపెట్టి ఉంటారు. గొల్లకురుమలు మందలో ఏ గొర్రె మేత తగ్గించిందో చీకట్లో కూడా చెప్పగలరు. ఈ ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవారిలో ఎడారిలో ఒంటెల్ని, మేకల్ని సాకినవాళ్లున్నారు. పరాయి దేశంలో సంఘంగా కలిస్తేనే కష్టంలో ఆదుకునేవారుంటారని వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. సిరిసిల్ల మగ్గం పనివాళ్లకు సంఘం విలువ తెలుసు. పైగా కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. పశువుల డాక్టర్లను తయారుచేసే ఆ ప్రాంగణంలోనే, జంతువు పక్కన రోజంతా ఉండే మనిషికి కూడా ఒక చిన్న తెలుగు కోర్సు పెట్టవచ్చు. పాఠం చెప్పడానికి నాలుగు జూల పెద్ద కీపర్లను పిలవాలి, వాళ్లను గురువులుగా కూర్చోబెట్టాలి. నాలుగు జూల కీపర్లు ఒక చోట కలిసే తొలి సభ అక్కడే జరిగితే సంఘానికి అదే పునాది అవుతుంది.

అటవీ శాఖలకూ, కళాశాల పెద్దలకూ నా విన్నపం ఇదే. పాఠకులు కూడా ఒక పని చేయాలి. ఈసారి పిల్లలతో జూకు వెళ్లినప్పుడు జంతువులకు ఏమీ విసరకండి, జాలీ కొట్టి అరవకండి. అక్కడ కీపరు కనిపిస్తే ఆయన పేరు, ఎన్నేళ్లుగా ఆ జంతువును చూస్తున్నారో పిల్లల చేత అడిగించండి.