రాగి నాణేలు: రకాల లెక్క, మనుషుల లెక్క

మధ్యయుగాల రాగి నాణేల ప్రసక్తి వస్తే మన సాహిత్య విమర్శకులు సాధారణంగా రెండు మాటలంటారు. అది పురావస్తు శాఖవారి పని, సాహిత్యానికి దానితో ఏం సంబంధం అన్నది మొదటి మాట. అది తీరికా డబ్బూ ఉన్నవాళ్ల సరదా, రాజుల పేర్లు వల్లె వేయటం తప్ప అందులో ప్రజలెక్కడున్నారు అన్నది రెండో మాట. రెండో మాట ప్రగతిశీలంగా వినిపిస్తుంది. చాలాకాలం నేనూ ఆ మాటే అంటూ వచ్చాను. ఈ రెండు మాటలూ తప్పేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

నేను పాఠం చెప్పేది అజీజ్‌నగర్ పరిసరాల్లో. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) చెరువుల నడుమ భూమి ఇది. గోల్కొండ కోట నుంచి పొద్దున నడక మొదలుపెడితే పూటలో చేరుకోవచ్చు. ఓ రోజు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు కాగితంలో చుట్టి ఒక బిళ్ల తెచ్చాడు. "సార్, మా నాయిన చెల్క దున్నంగ దొరికింది" అన్నాడు. ఆకుపచ్చ కిలుం పట్టిన లావుపాటి రాగిముక్క. గుండ్రంగా కూడా లేదు. మీద ఏదో లిపి కనిపిస్తోంది. సరిగ్గా చూద్దామని నేను చేసిన మొదటి పని, చింతపండు పెట్టి తోమటం. బిళ్ల తళతళలాడింది. కిలుంతోపాటు ఒకవైపు అంచున ఉన్న సన్నని గీతలూ పోయాయి.

మిగిలిన అక్షరాలు నాకు రావు. తెలుగులో ఎం.ఏ. చేశాను, నన్నయ మొదలు నయాగరా దాకా చదివాను. నేను పుట్టి పెరిగిన నేల మీద శతాబ్దాలపాటు నడిచిన నాణెం మీది ఒక్క అక్షరం గుర్తుపట్టలేకపోయాను. చివరికి ఊళ్లో సైకిళ్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాం. పిల్లలంతా ఆయన్ని చాచా అంటారు. ఆయన ఎండలోకి తిప్పి చూసి, ఒకవైపు 'సల్తనత్' అన్న మాట, దాని కింద 'హైదర్' దాకా ఉన్నాయన్నాడు. "ఇక్కడ సన్ ఉండాలె సార్, ఎవడో గీకిండు" అన్నాడు. సన్ అంటే సంవత్సరం. గీకినవాణ్ణి నేనేనని ఆయనకు వెంటనే చెప్పలేకపోయాను.

ఆ రోజు తర్వాతే ఈ శాస్త్రం ఏమిటో తెలుసుకోవటం మొదలుపెట్టాను.

నాణేల రకాలు గుర్తించటం పైపైన కనిపించేంత సులువైన పని కాదు. కమ్మటంలో నాణెం కొట్టే అచ్చు పెద్దది, దాని కింద పెట్టే రాగి బిళ్ల చిన్నది. సుత్తి దెబ్బకు అచ్చులో ఎంత భాగం బిళ్ల మీద పడితే అంతే. అందువల్ల దక్కన్ సుల్తానుల రాగి నాణేల్లో పూర్తి రాత ఒకే నాణెం మీద దొరకటం అరుదు. ఒకదాని మీద రాజు పేరు తల ఉంటుంది, ఇంకోదాని మీద తోక ఉంటుంది. మరోదాని మీద టంకశాల పేరు, వేరొకదాని మీద సంవత్సరంలో రెండంకెలు. ఒకే అచ్చులోంచి, ఒకే రకంలోంచి వచ్చిన పది నాణేలు పక్కపక్కన పెడితే తప్ప ఒక్క వాక్యం పూర్తికాదు. అంటే ఒంటరి నాణెం ఎంత అందమైనదైనా సగం మూగది. ఒక రకానికి చెందిన అరిగిపోయిన, విరిగిపోయిన నాణేలు కూడా కావాలి. 'రకాల పిచ్చి' అని మనం వెక్కిరించేది నిజానికి చదవటానికి ఉన్న ఒకే మార్గం. తాళపత్ర ప్రతులు నాలుగు పోల్చి పాఠం నిర్ణయించే పరిష్కర్త చేసే పని కూడా ఇదే కదా!

హైదరాబాదు ప్రభుత్వ మ్యూజియం నాణేల మీద మహమ్మద్ అబ్దుల్ వలీ ఖాన్ తయారుచేసిన పట్టికలు ఈ రంగంలో మూలస్తంభాలు. కుతుబ్‌షాహీ నాణేల పట్టిక 1961లో, బహమనీ నాణేల పట్టిక 1964లో వచ్చాయి. 2001లో స్టాన్ గోరన్, జె.పి. గోయెంకా భారతదేశ సుల్తానుల నాణేలన్నిటినీ ఒకచోట చేర్చారు. ఈ శ్రమ లేకపోతే నా చేతిలోని బిళ్ల ఈనాటికీ రాగిముక్కే. ఆ కృతజ్ఞత చెప్పుకున్నాకే విమర్శ చేయాలి.

ఈ పట్టికల పద్ధతి రాజును బట్టి నడుస్తుంది. సుల్తాన్ కులీ, జంషీద్, ఇబ్రహీం, మహమ్మద్ కులీ, మహమ్మద్, అబ్దుల్లా, అబుల్ హసన్ - ఈ వరసలో గదులు కట్టి నాణేలను వాటిలో సర్దుతారు. లోహం, బరువు, రాత, టంకశాల అన్నీ ఉంటాయి. ఏ ఊళ్లో, ఏ చేలో, ఎంత లోతున, ఎన్ని కలిసి దొరికాయన్న గడి మాత్రం చాలాసార్లు ఖాళీగా మిగిలిపోతుంది. రాజుకు గది ఉంది, రైతుకు లేదు.

రాగి నాణెం ఆ గదుల్లో సరిగా ఇమడదు కూడా. 1636లో అబ్దుల్లా కుతుబ్‌షా మొగలు చక్రవర్తి షాజహాన్‌కు లొంగుబాటు పత్రం రాసిచ్చాడు. ఖుత్బాలోనూ నాణేల మీదా మొగలు చక్రవర్తి పేరు ఉండాలన్నది అందులో షరతు. తర్వాత హిజ్రీ 1068 (1657-58) సంవత్సరంతో కనిపించే గోల్కొండ రాగి నాణేల మీద ఒకవైపు 'శుభంగా, సౌభాగ్యంగా ముగిసింది' అనే అర్థం వచ్చే అరబ్బీ మాటలున్నాయి. మరోవైపు దారుస్సల్తనత్ హైదరాబాద్ అని టంకశాల పేరుంది. రాజు పేరు లేదు! తన పేరు వేసుకోలేని రాజు, పరాయివాడి పేరు వేయటం ఇష్టంలేని రాజు, చివరికి ఎవరి పేరూ లేని రాగిని సంతకు పంపాడా? ఆ మాటలకు అర్థం అదేనని రుజువు చేయటం నా పని కాదు. కాని ఒకటి స్పష్టం. రాజు పేరు లేకపోయినా ఆ రాగికి జొన్నలు కొలిచారు. నాణేనికి విలువ ఇచ్చింది సంత. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు టంకశాల అదే నగరానికి 'దారుల్ జిహాద్' అని బిరుదు తగిలించింది. బిరుదు మారింది. సంతకు వచ్చే మనుషులు మారలేదు.

ఇక సాహిత్యం దగ్గరికి వద్దాం. మన కావ్యాల్లో బంగారం మోగినంతగా రాగి మోగలేదు. శ్రీనాథుడికి విజయనగరంలో జరిగిన కనకాభిషేకం ప్రతి తెలుగు విద్యార్థికీ తెలుసు. ఆ పక్కవీధిలో కూలివాడికి సాయంత్రం ఏ బిళ్ల ఇచ్చారో ఎవరికీ తెలియదు. ఓరుగల్లు వీధులు చూపించిన 'క్రీడాభిరామం' పూటకూళ్లింటి భోజనానికి ఒక రూక అని ధర చెప్పింది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు ఇలాంటి కావ్య సాక్ష్యాలనే ఏరి కూర్చి రాజుల చరిత్రకు ఎదురుగా జనం చరిత్ర నిలబెట్టాడు. అది మహత్తరమైన పని. అయితే రూక పెట్టి భోంచేయగలిగినవాడి దగ్గర కావ్యం ఆగుతుంది. రూకలో భిన్నాలతో, గవ్వలతో, రాగి ముక్కలతో నెల వెళ్లదీసినవాడి దగ్గరికి వెళ్లాలంటే కావ్యం చాలదు, చెల్క దున్నాలి.

రామదాసు కథ తీసుకోండి. కంచర్ల గోపన్న వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని, తానీషా చెరలో పెట్టాడని, రామలక్ష్మణులే వచ్చి బంగారు మాడలు చెల్లించి విడిపించారని కథ. భక్తుల విశ్వాసాన్ని చిన్నబుచ్చటం నా ఉద్దేశం కాదు. కథ నడిచిన తీరు చూడమంటున్నాను. మొదట్లో ఉన్నది రైతుల దగ్గర వసూలైన శిస్తు. చివర్లో ఉన్నది దేవుడు తెచ్చిన బంగారం. నడుమ రైతు ఏమయ్యాడు? 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్, గోల్కొండ రాజ్యంలో వసూలు హక్కులను ఏటా ఎక్కువ పాట పాడినవాడికి ఇచ్చేవారని రాశాడు. పాట పాడినవాడు ఆ సొమ్ము ఎవరి నుంచి రాబట్టాడో వేరే చెప్పనక్కర్లేదు. రామమాడలు కథలో మోగుతూనే ఉన్నాయి. రైతు చెల్లించిన చిల్లర మట్టిలో కిలుం పట్టింది.

కాని భాష మరిచిపోలేదు. ఇది నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి. 'డబ్బు' అంటే ఈరోజు మనకు ధనం. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో అది ఒక రాగి నాణెం పేరు కూడా. రాయలసీమలో 'దుడ్లు' అంటారు, దుడ్డు రాగి నాణెమే. మా తెలంగాణలో 'పైసలు' అంటాం, పైస కూడా రాగి నాణెమే. మాడ, గద్యాణం, వరహా అనే బంగారు మాటలు శాసనాల్లోకీ సామెతల్లోకీ వెళ్లి కూర్చున్నాయి. జనం నోట ధనానికి నిలిచిన మూడు మాటలూ రాగివే. కావ్యం ఎవరి పక్షాన ఉందో, భాష ఎవరి పక్షాన ఉందో చెప్పటానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంకో ప్రశ్న. పారశీక, అరబ్బీ రాతలున్న నాణెం దొరికితే మన ఊళ్లల్లో 'తురకల బిళ్ల' అని పక్కన పడేయటం చూస్తున్నాం. ఇటీవలి కాలంలో ఆ మాటలో విషం కూడా చేరుతోంది. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికే అంకితమిచ్చాడు. పొన్నగంటి తెలగనార్యుడి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర' పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం. రాజాస్థానంలో కలిసిన భాషలు సంతలో ఇంకా ముందే కలిశాయి. ఆ బిళ్ల మీది లిపి చదవలేని తెలుగు రైతు దాని బరువు చేతితో చదివాడు. రాగి కూడా ఇక్కడిదే కానక్కర్లేదు. పదిహేడో శతాబ్దంలో డచ్చి కంపెనీ జపాను రాగిని కోరమండల్ తీరానికి దించి అమ్మింది. ఎక్కడో జపాను గని కార్మికుడు తవ్విన రాగి మచిలీపట్నం రేవు దాటి తెలుగు రైతు కొంగుముడిలోకి వచ్చి ఉండవచ్చు. దీన్ని ఏ మతం బిళ్ల అందాం?

నాణేల శాస్త్రంలో ప్రజలెక్కడ అని అడిగే మిత్రులకు నేను డి.డి. కోశాంబిని గుర్తుచేస్తాను. ఆయన గణితశాస్త్రజ్ఞుడు, మార్క్సిస్టు. తక్షశిలలో దొరికిన వెండి విద్ధాంక నాణేలను వేల సంఖ్యలో ఒక్కొక్కటే తూచాడు. అరుగుదల రేటు తెలుసుకోవటానికి తన కాలపు నాణేలనూ తూచాడు. చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుంది, అరిగిన ప్రతి గ్రాము భిన్నం ఎన్ని చేతులు మారిందో చెబుతుంది అన్నది ఆయన చూపిన దారి. సేకరణదారుడు అరగని నాణేనికి ఎక్కువ వెల కడతాడు. మనకు అరిగినదే విలువైనది. ఇద్దరూ చూసేది ఒకే బిళ్ల. దృక్పథమే తేడా.

అందువల్ల రకాల లెక్కను తిరస్కరించటం కాదు, ఆ లెక్కలో మనుషుల గడి చేర్చటం మన పని. కొన్నేళ్ల కిందట మా మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో చెరువు తూముకు వాడేసిన జైన స్తంభాలు బయటపడ్డాయి. తూములో చరిత్ర ఉందని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఈ చెల్కల్లో నాగళ్లకన్నా పునాదులు తవ్వే యంత్రాలు ఎక్కువ. యంత్రం తవ్విపోసిన మట్టిలో రాగిబిళ్ల ఎవరికి కనిపిస్తుంది? కనిపించినా పాత ఇనుప సామాన్ల కొట్టుకో నాణేల బేరగాడికో పోతుంది. బేరగాడు నాణెం కొంటాడు, ఊరి పేరు కొనడు. ఊరి పేరు పోయిన నాణేనికి పట్టికలో చోటుంటుంది, చరిత్రలో ఉండదు.

చేయదగ్గ పని పెద్దదేమీ కాదు. బడికొక పుస్తకం చాలు. దొరికిన చోటు, లోతు, పక్కన దొరికినవి, బరువు, రెండువైపులా గీసిన బొమ్మ - ఇవి రాయాలి. తోమకూడదు, రంధ్రం చేయకూడదు, అమ్మకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ భయంతోనే చాలామంది దాచేస్తారు. తెలియజేస్తే వారి ఊరి పేరు నిలుస్తుందని చెప్పవలసింది బడిపంతులే.

మా బడిలో ఆ పుస్తకం మొదలుపెట్టాం. మొదటి పేజీలో మొదటి నాణెం వివరాలు పిల్లలే రాశారు. దొరికిన చోటు: అజీజ్‌నగర్, చెల్క. దొరికినవారు: రైతు. చదివినవారు: సైకిళ్లు బాగుచేసే చాచా. సంవత్సరం అన్న గడి దగ్గర కలం ఆపి నా వైపు చూశారు. ఖాళీగా వదలొద్దన్నాను. నేనే రాశాను: 'ఉండేది. పంతులు చింతపండుతో తోమి పోగొట్టాడు.'