శ్రుతి తప్పే హక్కు ఎవరిది?

'బయటివాడు' అనే మాటకి సంగీత ప్రపంచంలో మంచి గిరాకీ ఉంది. అవుట్‌సైడర్ కళ, అవుట్‌సైడర్ సంగీతం అని పేర్లు పెట్టి పుస్తకాలేస్తారు, పాత రికార్డులు వెతికి మళ్లీ విడుదల చేస్తారు. మనం ఊరికి బయట పుట్టినవాళ్లం. ఆ మాట ఎక్కడ వినబడినా చెవి అటే పోతుంది. ఎవరు బయట ఉన్నారు? తనే పోయాడా, గెంటేశారా? తిరిగి లోపలికి వస్తానంటే తలుపు తీస్తారా? ఈ ప్రశ్నలు పెట్టుకునే హాఫ్ జాపనీస్ అనే అమెరికా బ్యాండు 2014లో తెచ్చిన 'ఓవర్‌జాయ్డ్' ఆల్బం విన్నాను.

దళిత అధ్యయనాల పత్రికలో తెల్లోళ్ల రాక్ పాటల గొడవ ఎందుకని మిత్రులు అడగొచ్చు. అడగాలి కూడా. ఆ పాటల చుట్టూ అల్లిన మాటలే మన సాహిత్యం మీద కూడా వేలాడుతున్నాయి గనక ఈ గొడవ.

ముందు వాళ్ల కథ. జాడ్ ఫెయిర్, డేవిడ్ ఫెయిర్ అన్నదమ్ములు. 1970ల నడుమ మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో ఇంటి గదిలోనే గిటారు, డ్రమ్ములు పెట్టుకుని మొదలుపెట్టారు. వాయించడం నేర్చుకోలేదు. గిటారుకి శ్రుతి చెయ్యలేదు. నేర్చుకోనక్కర్లేదు అన్నదే వాళ్ల సిద్ధాంతం. గిటారు ఎట్లా వాయించాలో చెబుతూ డేవిడ్ రాసిన చిన్న వ్యాసం సారం కూడా అదే. 1980లో తొలి ఆల్బమే మూడు ఎల్పీ రికార్డులుగా వచ్చింది. అరుపులు, మోత, ప్రేమ, భూతాలు, అన్నీ కలగలిపి. పెద్ద కంపెనీల పంచన చేరకుండా దశాబ్దాలు నడిచారు. 1993లో నిర్వాణా బ్యాండు కచేరీలకి ముందు వాయించారు. అదే ఏడు వాళ్ల మీద డాక్యుమెంటరీ వచ్చింది. 2001 తర్వాత మాత్రం పదమూడేళ్లు కొత్త ఆల్బం లేదు.

ఆ తర్వాత వచ్చింది 'ఓవర్‌జాయ్డ్'. డీర్‌హూఫ్ బ్యాండు గిటారిస్టు జాన్ డీటరిక్ దీన్ని ప్రొడ్యూస్ చేశాడు. జాడ్ ఫెయిర్ చుట్టూ ఏళ్ల తరబడి కలిసి వాయించిన మనుషులున్నారు. తాళం తప్పదు. గిటార్లు ఒకదాన్ని ఒకటి అందుకుంటాయి. వరస గుర్తుంటుంది, మళ్లీ పాడుకోవచ్చు. జాడ్ గొంతు మాత్రం మారలేదు. పాటకీ మాటకీ మధ్యలో, కాస్త ముక్కుతో, ఎదురుగా కూచుని కబుర్లు చెప్పినట్టు సాగుతుంది. వెనక వాయిద్యాలు నిలకడగా ఉండబట్టే ఆ గొంతు ఇప్పుడు మరింత స్పష్టంగా వినబడుతోంది. తొలి రికార్డుల మోతలో మునిగిపోయిన మనిషి ఇక్కడ ముఖం చూపించాడు. కొత్త శ్రోత ఎవరైనా ఈ బ్యాండుని ఇక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.

లోపం లేదా అంటే ఉంది. పాటలన్నీ దాదాపు ఒకే సంతోషంలో నడుస్తాయి. ప్రేమ ఉంది, ధైర్యంగా ఉండు, అంతా మంచే జరుగుతుంది. ధైర్యం ఎవరి ముందు? భయపెట్టింది ఎవరు? ఆ మనిషి పాటలోకి రాడు. మన వాడల్లో సంతోషం పాడినా పక్కన దొర నీడ, ఆకలి నీడ ఉంటాయి. ఎదురు లేని ఆనందం వినడానికి హాయిగానే ఉంటుంది గానీ నాలుగైదు పాటల తర్వాత పలచబడుతుంది.

నేను అసలు మాట్లాడదలచుకుంది ఇంకో ఫిర్యాదు గురించి. ఇట్లాంటి బ్యాండు ఎప్పుడు శ్రుతిలోకి వచ్చినా పాత అభిమానుల్లో ఒక సణుగుడు లేస్తుంది: మచ్చికైపోయారు, ఆ పచ్చిదనం పోయింది అని. ఈ 'పచ్చి' అనే మాటకి చరిత్ర ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు జాఁ ద్యుబుఫే 1945లో 'ఆర్ బ్రూట్', అంటే పచ్చి కళ, అనే మాట పుట్టించాడు. పిచ్చాసుపత్రుల్లో, జైళ్లలో చదువు సోకని చేతులు వేసిన బొమ్మల్ని సేకరించాడు. 1972లో రోజర్ కార్డినల్ రాసిన పుస్తకంతో ఇంగ్లీషులో అది అవుట్‌సైడర్ కళ అయింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పచ్చిదాన్ని మెచ్చుకునే అధికారం ఎప్పుడూ వండుకు తిన్నవాడి దగ్గరే ఉంది.

మనకిది కొత్త కాదు. దళిత కవిత్వం 'పచ్చిగా, ఘాటుగా' ఉందని మెచ్చుకున్న నోళ్లే, అదే కవి నిర్మాణం మీద పట్టు సాధిస్తే 'మునుపటి మంట లేదు' అంటాయి. ఒక సదస్సులో నా తొలి పత్రం చదివితే 'అనుభవం ఉంది, పద్ధతి లేదు' అన్నారు. పద్ధతి నేర్చుకుని రెండేళ్ల తర్వాత మరో పత్రం చదివితే అక్కడే ఒకాయన 'పద్ధతి ఉంది, అనుభవం ఏమైంది?' అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాణ్ణి నేను. ఆ అనుభవం ఎక్కడికి పోతుంది? కాబట్టి 'ఓవర్‌జాయ్డ్' పక్షాన నిలబడి చెబుతున్నా: నేర్చుకోవడం ద్రోహం కాదు. ఏళ్ల తరబడి కలిసి వాయించినవాళ్లకి వాయించడం వచ్చేస్తే అది వాళ్ల కష్టార్జితం.

అయితే కథ ఇక్కడ ఆపితే సగమే చెప్పినట్టు. నేర్చుకోకుండా మొదలుపెట్టగలగడం కూడా అందరికీ దొరికే స్వేచ్ఛ కాదు. ఆన్ ఆర్బర్‌కి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో డెట్రాయిట్. అక్కడా అదే కాలంలో ఇంట్లోనే సాధన చేస్తున్న అన్నదమ్ములున్నారు. డేవిడ్, బాబీ, డానిస్ హాక్నీ. నల్లవాళ్లు. బ్యాండు పేరు డెత్. పంక్ అనే పేరు జనంలో పడకముందే అంత వేగంగా, అంత బిగువుగా వాయించారు. 1975లో స్టూడియోకెక్కి ఏడు పాటలు రికార్డు చేశారు. నల్లవాళ్లు రాక్ వాయించడమేంటన్నారు. పెద్ద కంపెనీ పేరు మార్చుకోమంది. మార్చుకోం అన్నారు. బేరం పోయింది. 1976లో సొంతంగా 500 సింగిల్ రికార్డులు వేసుకున్నారు. అంతే. ఆ పాటలు ఆల్బంగా వచ్చింది 2009లో. పేరు మార్చనని పట్టుబట్టిన డేవిడ్ 2000లోనే చనిపోయాడు.

ఒకే రాష్ట్రం, ఒకే దశాబ్దం, రెండిళ్ల అన్నదమ్ములు. వాయించడం రాని తెల్లవాళ్లకి మూడు ఎల్పీలు. వచ్చిన నల్లవాళ్లకి ముప్పై మూడేళ్ల నిరీక్షణ. ఫెయిర్ సోదరులు చేసిన తప్పు కాదిది. కానీ సగం జాపనీయులమని సరదాగా ఇంకో జాతి పేరు తగిలించుకున్న వాళ్లని ఆ పేరు ఎక్కడా అడ్డుకోలేదు. నల్లబిడ్డలకి వాళ్లు పెట్టుకున్న పేరే గోడ అయింది. శ్రుతి తప్పడం ఒకడికి ప్రయోగం. ఇంకొకడికి శ్రుతిలో ఉన్నా ప్రవేశం లేదు.

ఇక్కడే నాకు మా నాన్న డప్పు గుర్తొస్తుంది. ఊళ్లో పెద్దింటివాళ్లు దాన్ని మోత అన్నారే గానీ సంగీతం అనలేదు. చావుకి కావాలి, జాతరకి కావాలి, కచేరీకి మాత్రం పనికిరాదు. నాన్న వాయించేముందు గడ్డి మంటేసి డప్పు కాపేవాడు. వేడికి చర్మం బిగిసేది. వేలితో కొట్టి విని, చాలకపోతే మళ్లీ కాపేవాడు. మంచు పడే రాత్రుల్లో నడిమధ్య ఆగి, సిర్ర, చిటికెన పుల్ల చంకన పెట్టుకుని మళ్లీ మంట దగ్గరికి పోయేవాడు. అది శ్రుతి చెయ్యడం కాక మరేంటి? ఎవరిది మోత అన్నారో ఆయన శ్రుతి లేకుండా ఒక్క దెబ్బ వెయ్యలేదు. శ్రుతే వద్దన్నవాళ్లు కళాకారులయ్యారు.

కాబట్టి అవుట్‌సైడర్ అనే మాటని మనం ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోకూడదు. వెలుపలికి నడిచినవాడు వేరు, వెలికి గురైనవాడు వేరు. మొదటివాడు ఎప్పుడైనా తిరిగి రావొచ్చు. 'ఓవర్‌జాయ్డ్' అట్లా తిరిగొచ్చిన ఆల్బం, ఆ రాక నిజమైనదే. 2016 నుంచి 2020 దాకా బ్యాండు ఏటేటా ఒక ఆల్బం తెచ్చింది. తలుపు తెరిచే ఉందని దానర్థం. వినండి, బాగుంటుంది. విన్నాక హాక్నీ సోదరుల్నీ వినండి. ఆ తర్వాత మీ ఊళ్లో డప్పు కాపుతున్న మనిషి దగ్గర కాసేపు కూచోండి. మోత ఏదో సంగీతమేదో తేల్చే పని ఇంకొకరి చేతుల్లో ఎందుకు పెట్టామో అక్కడ మాట్లాడుకుందాం.