వరుస సంఖ్యలో ఏమున్నది?

ఫలానిది మొదటిది, ఫలానిది రెండవది అని వినగానే ఆ రెండింటి మధ్య దూరము కూడ తెలిసినట్లు జనులకు తోచును. అది భ్రమ. వరుస సంఖ్య ఏది ముందో చెప్పును గాని, ఎంత ముందో చెప్పదు.

1812లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ మోస్, ఏ ఖనిజము దేనిని గీయగలదో చూచి, 1 నుండి 10 వరకు కాఠిన్యపు వరుస నేర్పరచెను. అందు కురువిందము 9వది, వజ్రము 10వది. తేడా ఒక్క మెట్టే. కాని నేరుగా కొలిచినచో వజ్రము కురువిందమునకు సుమారు నాలుగు రెట్లు కఠినము. 1946లో అమెరికన్ మనస్తత్వవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ కొలమానములను వర్గీకరించుచు, ఇట్టివానిని క్రమసూచకములుగా వేరుపరచెను.

ఈ దృష్టితో ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పట్టికను పరిశీలింపవలెను. కేంద్ర ప్రభుత్వము 2015లో ఈ పద్ధతి నేర్పరచగా, 2016లో తొలి జాబితా వెలువడినది. ఇంజనీరింగు సంస్థలకు బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, ఉత్తీర్ణుల ఫలితములకు 20, సర్వజన ప్రవేశమునకు 10, పేరుప్రతిష్ఠలకు 10 పాళ్లు కేటాయించిరి.

ఈ పాళ్లు ప్రకృతి నియమములు కావు, మనుష్యుల నిర్ణయములు. ఒక కల్పిత ఉదాహరణ చూడుడు. 'అ' కళాశాలకు బోధనలో 80, పరిశోధనలో 50 మార్కులు. 'ఆ' కళాశాలకు 60, 72. రెండింటికి సమాన ప్రాధాన్యమిచ్చినచో సగటు 65, 66, 'ఆ' మొదటిది. బోధనకు 60 పాళ్లు, పరిశోధనకు 40 ఇచ్చినచో 68, 64.8, 'అ' మొదటిది. కళాశాలలు మారలేదు, తూకము మారినది.

పట్టికలో మెచ్చదగినవి లేకపోలేదు. పాళ్లను, మార్కులను దాచక ప్రకటించుచున్నారు. నూరు స్థానముల తరువాత 101-150 వంటి శ్రేణులే ఇచ్చుట వివేకము. కాని పేరుప్రతిష్ఠలకు మార్కులిచ్చుట విమర్శింపదగినది. పేరు వలన స్థానము, స్థానము వలన మరల పేరు పెరుగును; ఇది చక్రము వంటిది.

అంతకంటె పెద్ద దోషము చదువరి తొందరపాటు. మార్కులలో స్వల్పభేదమే యున్నను, నాలుగైదు స్థానముల కొరకై చేరువనున్న మంచి కళాశాలను విడిచి, అప్పుచేసి దూరమేగు విద్యార్థి నష్టపోవచ్చును. ఉపాధ్యాయులు తరగతిలో ఈ పట్టికను తెరచి, ర్యాంకును చేతితో మూసి, మార్కులను మాత్రము చదివించినచో మేలు. పిమ్మట ప్రతి విద్యార్థియు తన అవసరములను బట్టి పాళ్లు వేసికొని తిరిగి లెక్కింపవలెను. అప్పుడు కనబడు వరుసయే వానికి పనికివచ్చు వరుస.