భరిణెలో ఇమడని రాణి

కరీంనగర్ రేకుర్తిలో సమ్మక్క జాతరకు అమ్మ ఎత్తు బెల్లం మొక్కేది. ఆ బెల్లాన్నే మేం ‘బంగారం’ అంటాం. ఆ తల్లి ఎవరి మీద, ఎందుకు కత్తి పట్టిందో మాత్రం అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సాహిత్యంలో పరిశోధన మొదలుపెట్టాకే ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది.

కథ ప్రకారం ఆమె పుట్టిల్లు మా దగ్గరే, జగిత్యాల పక్కనున్న పొలాస, ఒకప్పటి పొలవాస. అక్కడి మేడరాజుకు అడవిలో పులుల మధ్య దొరికిన పాప సమ్మక్క. మేడారం కోయదొర పగిడిద్దరాజును పెళ్లాడింది. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిపడింది. భర్త, కూతురు సారలమ్మ, అల్లుడు నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతికితే కుంకుమ భరిణె దొరికిందట.

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం (1163) పొలవాస మేడరాజును ఓడించింది రుద్రదేవుడని చెబుతుంది. ప్రతాపరుద్రుడు గద్దెనెక్కింది 1289లో. తేదీలు కలవవు కాబట్టి కట్టుకథ అని కొట్టిపారేయొచ్చు. కానీ శాసనం దాచుకున్నది రాజు గెలుపుని. కరువులో కప్పమేమిటన్న ప్రశ్నను దాచుకున్నది జనం నోటి కథే.

మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో తిరిగిన మస్సగెటేల రాణి తోమిరిస్ గుర్తొస్తుంది. పెళ్లి చేసుకుంటానని పర్షియా చక్రవర్తి సైరస్ కబురంపితే, అతనికి కావలసింది తను కాదు, తన రాజ్యమని గ్రహించి కాదంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో జరిగిన యుద్ధంలో పట్టుబడ్డ ఆమె కొడుకు ప్రాణం తీసుకున్నాడు. చివరికి ఆమె సైరస్ తలను నెత్తుటి తోలుతిత్తిలో ముంచిందని గ్రీకు రచయిత హెరడోటస్ రాశాడు. రూబెన్స్ లాంటి యూరప్ చిత్రకారులు గీసిందీ ఆ తెగిన తలనే. ఆమె తిరస్కారం మరుగునపడి పగ మిగిలింది.

తోమిరిస్‌ను తిత్తిలో కుదించినట్టే సమ్మక్కనూ భరిణెలో కుదించి, కుంకుమ కాపాడే ముత్తయిదువను చేయడం తేలిక. మేడారం ఆనవాయితీ మాత్రం అందుకు ఒప్పుకోదు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి జాతరలో పగిడిద్దరాజే పూనుగొండ్ల నుంచి ఆమె గద్దె దగ్గరికి వస్తాడు. ఆమె అతని పక్కన నిలబడ్డ దేవేరి కాదు.

1996లో జాతర రాష్ట్ర పండుగైంది. రాజ్యాన్ని ఎదిరించినామెకు రాజ్యమే పట్టుచీర పెడుతోంది. అటవీ హక్కుల చట్టం (2006) పోడు పట్టాలో భార్య పేరూ ఉండాలంది. ఆదిలాబాద్ గూడేల్లో పోడు కోసం నిలబడ్డ ఆడవాళ్లది కూడా సమ్మక్క అడిగిన ప్రశ్నే. బెల్లం తూచేటప్పుడు ఆ ప్రశ్ననూ తలుచుకోవాలని ఇప్పుడు అమ్మతో అంటున్నాను.